నాలుగున్నరేళ్లుగా ఒకే క్లౌడ్ ప్లాట్‌ఫామ్: వాళ్ల అర్ధరాత్రి, మన భోజనాల వేళ

చెన్నై ఓఎంఆర్ రోడ్డు మీద పెరుంగుడిలో మా బాబాయికి కర్రీ పాయింట్ ఉంది. నెల్లూరు నుంచి వచ్చి పెట్టాడు. చుట్టుపక్కల ఐటీ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లే గిరాకీ. 2021 ఆగస్టులో ఆయనకు ఆర్డర్ల యాప్ ఒకటి రాసిచ్చాను. సర్వర్ చూసుకునే ఓపిక నాకు లేదు. అందుకని కోడ్ మార్పులు దాచుకునే గిట్‌లో కోడ్ పుష్ చేస్తే (అంటే పైకి పంపితే) మిగతాదంతా తనే చూసుకునే ఒక అమెరికా ప్లాట్‌ఫామ్ మీద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. దాని పేరు మాత్రం చెప్పను. ఈ రకం ప్లాట్‌ఫామ్‌లు చాలావాటి తీరు దాదాపు ఒకటే.

మొదటి వారంలోనే బాబాయి ఫోన్. "ఒరేయ్, నిన్న పెట్టిన చేపల పులుసు ఫొటో ఏదిరా? పిల్లి ఎత్తుకుపోయిందా?" తప్పు నాదే. ఇలాంటి చోట యాప్ నడిచే పెట్టెలాంటి కంటైనర్‌కు ఉండే డిస్క్ శాశ్వతం కాదు. కంటైనర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అందులో మనం రాసుకున్న ఫైళ్లన్నీ పోతాయి. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది, నేను చదవలేదు. ఫొటోలను వేరే స్టోరేజీకి మార్చాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఆ అక్టోబర్‌లో యాప్ ఒక రోజంతా ఆగింది. ప్లాట్‌ఫామ్ తప్పేం లేదు, బిల్లు కట్టలేదంతే. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డుల మీద ఆటో డెబిట్‌కు రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. నా కార్డులోంచి డాలర్ల చెల్లింపు వెళ్లలేదు. హెచ్చరిక మెయిళ్లు మూడు వచ్చి స్పామ్‌లో పడున్నాయి. అప్పటినుంచి నెలనెలా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకొని నేనే కడుతున్నాను. అన్నట్టు, మొదలుపెట్టినప్పుడు డాలర్ 74 రూపాయల దగ్గర ఉండేది, తర్వాత 85 దాటింది. ప్లాన్ ధర మారకపోయినా మన బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. 99.9 శాతం అప్‌టైమ్ (సర్వీస్ ఆగకుండా నడిచే సమయం) అంటారు కదా, లెక్కేస్తే నెలకు 43 నిమిషాలు ఆగొచ్చన్నమాట. వినడానికి ఏమంత అనిపించదు. కానీ ఆ 43 నిమిషాలు ఎప్పుడొస్తాయన్నదే ప్రశ్న. బాబాయి వ్యాపారం అంతా పన్నెండు నుంచి ఒకటిన్నర దాకానే. తెల్లవారుజామున మూడింటికి సర్వర్ మూడు గంటలు పడుకున్నా ఆయనకు తెలియదు. పన్నెండున్నరకు అరగంట పడుకుంటే ఆ రోజు కూరలు మిగిలిపోతాయి.

2022లో ఒక మంగళవారం సరిగ్గా అదే జరిగింది. డేటాబేస్ మెయింటెనెన్స్ ఉందని, రద్దీ తక్కువగా ఉండే సమయంలో ఇరవై నిమిషాలు పడుతుందని ముందే మెయిల్ వచ్చింది. సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, 06:00 అని రాశారు. న్యూయార్క్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటి రెండు. మనకు పదకొండున్నర. ఇరవై నిమిషాలే కదా, పన్నెండులోపు అయిపోతుందిలే అనుకున్నాను. పన్నెండైంది, పన్నెండుంపావైంది. లాగ్స్ (యాప్ రాసుకునే చిట్టా) నిండా డేటాబేస్ కనెక్షన్ తిరస్కరణలే. బాబాయి కౌంటర్ దగ్గర క్యాలెండర్ కాగితం చింపి, దాని వెనక ఆర్డర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను స్టేటస్ పేజీ తెరిస్తే అన్నీ పచ్చ చుక్కలే, అంటే అంతా బాగుందని! ముందే చెప్పి చేసే పని, అదీ ఒక్క డేటాబేస్‌కు సంబంధించింది, వాళ్ల లెక్కలో అంతరాయం కిందకు రాదు. యాప్ తిరిగొచ్చేసరికి పన్నెండు యాభై. నా ఫిర్యాదుకు జవాబు మర్నాడు సాయంత్రం వచ్చింది, క్షమాపణతో పాటు సెట్టింగ్స్ లింకుతో. మెయింటెనెన్స్ సమయం మనమే ఎంచుకోవచ్చట. వెంటనే యూటీసీ 21:30కి మార్చాను, అంటే మనకు తెల్లవారుజామున మూడు. తర్వాత మెయింటెనెన్స్ వల్ల భోజనాల వేళ ఒక్కసారి కూడా ఆగలేదు.

2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్ వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేస్ చిరునామా చూపే డీఎన్ఎస్‌లో లోపంతో బోలెడన్ని యాప్‌లు పడిపోయాయి. మన టైములో అది మొదలైంది మధ్యాహ్నం పన్నెండుంపావు దాటాక. వాళ్లకు రాత్రి! దీపావళి కాబట్టి బాబాయి కొట్టు సెలవు, నేను నెల్లూరులో అరిసెలు తింటూ వార్త చదివాను.

తిట్టడమే కాదు, మెచ్చుకోవాల్సింది కూడా చెప్పాలి. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరిలో మా వీధి చెరువైంది. కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. పెరుంగుడిలో బాబాయి వంటింట్లో మోకాలి లోతు నీళ్లు. రెండు రోజుల తర్వాత సిగ్నల్ వచ్చి చూస్తే, యాప్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. పైగా పదకొండు ఆర్డర్లు తీసుకొని యూపీఐలో డబ్బులు కూడా కట్టించుకుంది! "మునిగిపోయిన కొట్టుకు గోంగూర పప్పు ఆర్డర్ ఏందిరా నాయనా" అని బాబాయి ఒకటే నవ్వు. పదకొండు మందికీ డబ్బు వెనక్కి పంపి క్షమాపణ చెప్పాం. సర్వర్ నిలబడినంత మాత్రాన కొట్టు తెరిచి ఉన్నట్టు కాదని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇప్పుడు బాబాయి రోజూ పదింటికి "తెరిచాం" అనే బటన్ నొక్కితేనే ఆర్డర్లు మొదలవుతాయి.

రోజువారీ పనిలో నాకు పెద్ద విసుగు వెర్షన్ల గోల. రెండేళ్లకోసారైనా బేస్ ఇమేజ్ (యాప్ కింద నడిచే సిస్టమ్) పాతబడిందని, మార్చుకోకపోతే కొత్త కోడ్ డిప్లాయ్‌లు ఆగిపోతాయని మెయిల్ వస్తుంది. మార్చితే యాప్ వాడుకునే ఏదో ఒక రెడీమేడ్ కోడ్ లైబ్రరీ అలుగుతుంది. రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ ఒక శని, ఆదివారం పోయాయి. సొంత సర్వర్ అయితే ఈ పని తప్పుతుందా అంటే తప్పదు, కాకపోతే ముహూర్తం మనం పెట్టుకుంటాం.

మీకు గిరాకీ ఒకే వేళలో వస్తుంటే, ఇలాంటిది కొనే ముందు ధర కంటే ముందుగా మెయింటెనెన్స్ సమయం మార్చుకోనిస్తారో లేదో అడగండి. నేనైతే ఇంకో ఏడాది ఇక్కడే ఉంటాను. రోజూ రాత్రి రెండింటికి డేటాబేస్ కాపీ వేరే చోటికి వెళ్తుంది. నెల మొదటి తారీఖున దాన్ని నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, నిన్నటి ఆర్డర్లు కనిపిస్తున్నాయో లేదో చూస్తాను. బాబాయి మాత్రం క్యాలెండర్ కాగితాలు పారేయడం మానేశాడు. కౌంటర్ కింద కట్ట కట్టి పెట్టుకున్నాడు.