పెట్ సౌండ్స్, సార్జెంట్ పెప్పర్: ఏది మేలు?

అరవైల పాప్ సంగీతంలో బీటిల్స్‌కు పోటీ ఎవరంటే చాలామంది రోలింగ్ స్టోన్స్ పేరు చెబుతారు. అభిమానుల వాదనల వరకు అది నిజమే. కానీ పాట కట్టడంలో, స్టూడియో పనితనంలో బీటిల్స్‌ను ఉలిక్కిపడేలా చేసింది మాత్రం కాలిఫోర్నియా కుర్రాళ్లు, బీచ్ బాయ్స్. ఇటు బీటిల్స్‌లో పాల్ మెకార్ట్నీ, అటు బీచ్ బాయ్స్‌లో బ్రయన్ విల్సన్. ఇద్దరూ 1942 జూన్‌లో రెండు రోజుల తేడాతో పుట్టారు. పాతికేళ్లు నిండకముందే బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్', బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' ఆల్బంలు రెండూ తయారైపోయాయి.

పోటీకి నిప్పు రాజేసింది 1965 డిసెంబరులో వచ్చిన బీటిల్స్ ఆల్బం 'రబ్బర్ సోల్'. అప్పట్లో ఆల్బం అంటే రెండు మూడు హిట్ పాటలు, మిగతాది ఊరికే నింపేయడం. ఇందులో అలా నింపిన పాట ఒక్కటీ లేదని విల్సన్‌కు అనిపించింది. తానూ అలాంటిదే చేయాలని పట్టుబట్టాడు. విమాన ప్రయాణంలో తీవ్రమైన ఆందోళనకు గురయ్యాక అతను అప్పటికే కచేరీ టూర్లు మానేశాడు. తక్కిన సభ్యులు జపాన్‌లో పాడుతుంటే లాస్ ఏంజెలిస్‌లో గీత రచయిత టోనీ ఆషర్‌తో కూర్చుని పాటలు రాశాడు. హాల్ బ్లేన్, కరోల్ కే లాంటి స్టూడియో వాద్యకారులతో ట్రాకులు రికార్డు చేయించాడు. సభ్యులు తిరిగొచ్చి ఆ ట్రాకుల మీద గొంతులు కలిపారు. 1966 మేలో 'పెట్ సౌండ్స్' విడుదలైంది.

ఇందులో 'గాడ్ ఓన్లీ నోస్' దగ్గర కాస్త ఆగాలి. ఫ్రెంచ్ హార్న్‌తో మొదలవుతుంది. ప్రేమపాటే, కానీ తొలి మాటే ఎల్లకాలం ప్రేమిస్తానో లేదో అన్న సందేహం. ఆ సందేహమే తర్వాత వచ్చే ప్రేమను నమ్మేలా చేస్తుంది. బ్రయన్ తమ్ముడు కార్ల్ విల్సన్ ఏ ఆర్భాటమూ లేకుండా పాడతాడు. చివర్లో గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరుతూ, పల్లవి చుట్టూ తిరుగుతూ ఉండగానే పాట సన్నగిల్లిపోతుంది. తనకు అత్యంత ఇష్టమైన పాటల్లో ఇదొకటని మెకార్ట్నీ చాలాసార్లు చెప్పాడు. ఈ ఆల్బంలో బేస్ గిటార్ కింద ఊతంగా మాత్రమే ఉండదు, తనదైన రాగం తను పాడుకుంటూ పోతుంది. మెకార్ట్నీ బేస్ వాయించే తీరు మీదా దాని ప్రభావం పడింది.

లండన్ జవాబు 1967 మేలో వచ్చింది: 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'. 1966 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి టికెట్ కచేరీ ఇచ్చేసి, బీటిల్స్ నలుగురూ అబ్బే రోడ్ స్టూడియోలో నెలల తరబడి కూర్చున్నారు. చేతిలో ఉన్నవి నాలుగు ట్రాకుల టేప్ యంత్రాలే, అంటే విడివిడిగా నాలుగు వరుసల ధ్వనిని మాత్రమే పట్టేవి. నలుగురిలో ఒకడైన జార్జ్ హ్యారిసన్ పాటలో దిల్‌రుబా, తబలా, తంబురా వినిపిస్తాయి. 'ఎ డే ఇన్ ది లైఫ్'లో లెనన్ సగం పాటకూ మెకార్ట్నీ సగం పాటకూ మధ్య మిగిలిన ఖాళీని నలభై మంది ఆర్కెస్ట్రాతో, కింది స్వరం నుంచి పై స్వరానికి ఎక్కించి నింపారు. ఆ సాహసానికి సాటి రాగలది 'పెట్ సౌండ్స్'లో లేదు.

అయినా మొత్తంగా ఏది మేలంటే నా ఓటు 'పెట్ సౌండ్స్'కే. 'పెప్పర్'లో కల్పిత బ్యాండ్ కచేరీ అన్న ఊహ రెండో పాట దాటగానే జారిపోతుంది, చివర్లో మళ్లీ గుర్తు చేస్తారు. మధ్యలో కొన్ని పాటలు తేలిక. 'పెట్ సౌండ్స్'లోనూ 'స్లూప్ జాన్ బి' అనే జానపదం కొంచెం పరాయిగా నిలుస్తుంది, కానీ మిగతాదంతా ఒకే మనసు చెప్పుకున్న మాట. ఎదగాలన్న తొందర, ఎదిగాక కలిగే దిగులు మొదటి పాట నుంచి చివరి దాకా విడవకుండా సాగుతాయి. అమ్మకాల్లో మాత్రం పోలికే లేదు. 'పెట్ సౌండ్స్' అమెరికాలో పదో స్థానం దాటలేదు. 'పెప్పర్' మొదటి స్థానంలో నెలల తరబడి కూర్చుంది, గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బం అయింది.

పని పద్ధతి విషయానికొస్తే తీర్పు తిరగబడుతుంది. బీటిల్స్‌లో పాటలు రాసేవాళ్లే ముగ్గురు, పైన నిర్మాత జార్జ్ మార్టిన్. ఒకరికి తట్టనిది ఇంకొకరికి తట్టేది. విల్సన్ ఒక్కడే బాణీ కట్టాలి, ఒక్కడే వాయింపించాలి, ఒక్కడే గెలవాలి. 'గుడ్ వైబ్రేషన్స్' ఒక్క పాటకే నెలలు పట్టింది. అది అద్భుతంగా వచ్చింది, 1966 చివర్లో బ్రిటన్ పత్రిక ఎన్‌ఎంఈ పాఠకులు బీటిల్స్‌ను దాటించి బీచ్ బాయ్స్‌ను మేటి గాన బృందంగా ఎన్నుకున్నారు. కానీ దాన్ని మించాలనుకున్న 'స్మైల్' ఆల్బం టెన్షన్ మధ్య 1967లో ఆగిపోయింది. విల్సన్ దాన్ని పూర్తి చేసి జనం ముందు పెట్టింది 2004లో. ఇంత కాలం పోగొట్టుకున్నాడంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొత్తగా వినేవాళ్లు రెండింటినీ మోనోలోనే, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని వినిపించే రికార్డింగ్‌లోనే మొదలుపెట్టండి. విల్సన్‌కు కుడి చెవి దాదాపు వినిపించేది కాదు, అతను మిక్స్ చేసింది మోనోలోనే. బీటిల్స్ కూడా దగ్గరుండి శ్రద్ధ పెట్టింది 'పెప్పర్' మోనో మిక్స్‌కే.