ఇసుక రిజర్వాయర్ల మోడలింగ్‌లో సైస్మిక్ ఇన్వర్షన్: ఏళ్ల తరబడి వాడాక సమీక్ష

ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయిన పాత నదీ కాలువలు, మధ్యలో షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి), ఉన్నట్టుండి సన్నబడి మాయమయ్యే ఇసుక పొరలు. ఇలాంటి రిజర్వాయర్‌లో (చమురు, గ్యాస్ నిలిచే రాతిలో) రెండు బావుల నడుమ ఏముందో చూపించే ప్రధాన ఆధారం సైస్మిక్, అంటే నేలలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనుల రికార్డు. నియర్, మిడ్, ఫార్ యాంగిల్ స్టాకులను (తక్కువ, మధ్య, ఎక్కువ కోణాల్లో వచ్చిన ప్రతిధ్వనుల మొత్తాలను) కలిపి ఇంపిడెన్స్‌గా (రాతి సాంద్రత, వేగాల లబ్ధంగా), వీపీ-వీఎస్ నిష్పత్తిగా (పీ, షియర్ తరంగాల వేగాల నిష్పత్తిగా) మార్చే సైమల్టేనియస్ ఇన్వర్షన్‌ను చాలాకాలంగా వాడుతున్నాం. ఇసుక ఏ పక్కకి ఎంత దూరం పరుచుకుందో అది చక్కగా చెబుతుంది. ఎన్ని పొరలున్నాయో, ఒక్కొక్కటి ఎంత మందమో దాన్ని అడిగితే మాత్రం మోసపోతాం.

ఎందుకో లెక్క వేసి చూడొచ్చు. రాతిలో వేగం సెకనుకు 3000 మీటర్లు, ప్రధాన ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 100 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 25 మీటర్లకన్నా పలచని పొర పైభాగమూ అడుగూ విడిగా కనిపించవు. 6 మీటర్ల ఇసుక, 4 మీటర్ల షేల్, మళ్లీ 8 మీటర్ల ఇసుక ఉంటే డేటాలో కలిసిపోయి ఒకటే ఈవెంట్ (ఒకే ప్రతిధ్వని). పైగా ఆ హద్దు దాటాక పొర పలచబడేకొద్దీ ఆంప్లిట్యూడ్ కూడా పడిపోతుంది. కాబట్టి పలచని మంచి ఇసుక, మందపాటి నాసిరకం ఇసుక ఒకేలా కనబడతాయి.

ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది వెల్ టై దగ్గర, అంటే బావి లాగ్‌లను (లోతు వెంట తీసిన కొలతలను) సైస్మిక్‌తో జతపరిచే చోట. సోనిక్ లాగ్‌ను (తరంగ వేగపు కొలతను) ముందు చెక్‌షాట్‌తో (తరంగం బావిలో ఆ లోతుకు చేరే సమయాన్ని నేరుగా కొలిచి) సరిచేసుకోవాలి. కాలిపర్ (బావి వ్యాసపు కొలత) చూసి, బావి గోడ విరిగిపడిన లోతుల్లో సాంద్రత లాగ్‌ను నమ్మడం మానేయాలి. అక్కడ టూల్ కొలిచేది చాలావరకు మడ్‌నే (డ్రిల్లింగ్ ద్రవాన్నే), ఆ తక్కువ సాంద్రత చివరికి మంచి ఇసుకలా చెలామణీ అవుతుంది. సింథటిక్‌ను (లాగ్‌ల నుంచి లెక్కగట్టిన సైస్మిక్ ట్రేస్‌ను) అక్కడక్కడ సాగదీసి, కుదించి కోరిలేషన్ 0.9 తెప్పించడం ఎవరికైనా తేలికే. అలా తెచ్చిన 0.9 కన్నా, మొత్తం ట్రేస్‌ను ఒక్కసారి పైకో కిందికో జరిపితే వచ్చిన 0.7నే మేం నమ్ముతాం. ప్రతి యాంగిల్ స్టాకుకూ దాని వేవ్‌లెట్ (తరంగపు ఆకారం) దానికే తీయాలి. స్టాకులు ఒకదానితో ఒకటి సరిగ్గా అమరాయా అన్నదీ చూడాలి. 30 హెర్ట్జ్ దగ్గర ఒక ఆవర్తనం 33 మిల్లీసెకన్లు, నియర్‌కీ ఫార్‌కీ 4 మిల్లీసెకన్ల తేడా ఉంటే అది దాదాపు ఎనిమిదో వంతు. సాఫ్ట్‌వేర్ ఆ తేడాను రాతి గుణంగానే చదువుకుంటుంది. ఇన్వర్షన్ అయ్యాక మిగిలిన రెసిడ్యువల్‌ను (అసలు డేటాకూ మోడల్ ఇచ్చిన డేటాకూ ఉన్న తేడాను) తెర మీద తప్పకుండా చూడండి. అందులో పొరల గీతలు ఇంకా కనబడుతుంటే వేవ్‌లెట్ తప్పు. బొత్తిగా ఏమీ మిగలకపోతే నాయిస్‌కు కూడా ఫిట్ చేసేశామని అర్థం.

షియర్ లాగ్ (షియర్ తరంగ వేగపు కొలత) లేని బావులతో ఇంకో చిక్కు. పీ-వేగం నుంచి షియర్ వేగాన్ని అంచనా కట్టే గ్రీన్‌బర్గ్-కాస్టాగ్నా సూత్రం ఉప్పునీటితో నిండిన రాతికి పనికొస్తుంది. గ్యాస్ ఉన్న ఇసుక మీద నేరుగా వాడితే షియర్ వేగం తక్కువ చూపిస్తుంది. ముందు గాస్‌మన్ సమీకరణంతో గ్యాస్ స్థానంలో నీరు పెట్టి, షియర్ వేగం కట్టి, తిరిగి గ్యాస్ పెట్టాలి.

అసలు గొడవ లో ఫ్రీక్వెన్సీ మోడల్‌ది. డేటాలో 8, 10 హెర్ట్జ్ కింద సాధారణంగా పనికొచ్చే సిగ్నల్ ఉండదు. ఆ ఖాళీని బావి లాగ్‌లను ఇంటర్‌పోలేట్ చేసి (బావుల మధ్య విలువలు అంచనా కట్టి) నింపుతాం, ఆ మోడలే ఇది. బావి కాలువ మధ్యలో పడితే ఆ ఇసుక తక్కువ ఇంపిడెన్స్ బావి చుట్టూ గుండ్రటి మచ్చలా పరుచుకుంటుంది, దాన్ని చూసి ఇసుక విస్తరించిందని సంబరపడతాం. మా పద్ధతి: షేల్ కంపాక్షన్ ట్రెండ్ (లోతుతో షేల్ గట్టిపడే ధోరణి) ఒక్కటే పెట్టి ఒకసారి, పూర్తి బావి మోడల్‌తో ఇంకోసారి ఇన్వర్షన్ నడపడం. రెండిట్లోనూ నిలిచిన కాలువ డేటాదే. ఒక్కదాంట్లోనే కనిపిస్తే అది మనం పోసిందే. బ్లైండ్ వెల్ పరీక్షలోనూ (ఒక బావిని దాచిపెట్టి, మోడల్ దాన్ని ఊహిస్తుందా అని చూసేదాంట్లోనూ) ఇదే చిక్కు ఉంది. చాలామంది బావిని ఫేషీస్ (రాతి రకాల) సిమ్యులేషన్ నుంచి మాత్రమే తీసేసి, లో ఫ్రీక్వెన్సీ మోడల్‌లో అలాగే వదిలేస్తారు. జవాబు ముందే చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టే అది. రెండు చోట్లా తీసేశాక కోరిలేషన్ బాగా పడిపోవచ్చు. గ్రిడ్‌లో (రిజర్వాయర్ మోడల్ గడుల్లో) కోక్రిగింగ్‌కు (బావి, సైస్మిక్ విలువలను కలిపి అంచనా కట్టే పద్ధతికి) ఇవ్వాల్సింది ఆ పడిపోయిన సంఖ్యనే.

ఇంపిడెన్స్ నుంచి ఇసుక సంభావ్యతకు వెళ్లేటప్పుడు క్రాస్‌ప్లాట్‌ను (ఒక గుణానికి ఎదురుగా ఇంకోదాన్ని గీసే పటాన్ని) లాగ్ స్థాయిలో గీయకండి. 15 సెంటీమీటర్ల శాంపుల్స్‌లో ఇసుక, షేల్ గుంపులు అందంగా విడిపోతాయి. అవే లాగ్‌లను సైస్మిక్ బ్యాండ్‌కు ఫిల్టర్ చేస్తే చాలావరకు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సంభావ్యత ఆ కలిసిన గుంపుల నుంచే రావాలి. బొగ్గు పొరలుంటే వాటికి వేరే తరగతి పెట్టండి, వాటి ఇంపిడెన్స్ ఇసుకకన్నా తక్కువ. గ్యాస్ పది శాతమున్నా, ఎనభై శాతమున్నా పీ-వేగం దాదాపు ఒకేలా పడుతుంది. తేడా చెప్పేది సాంద్రతే, దాన్ని నమ్మకంగా రాబట్టడానికి మామూలు ఫార్ స్టాకు కోణాలు సాధారణంగా చాలవు.

గ్రిడ్‌లోకి దించేటప్పుడు లోతు తప్పు వస్తుంది. రెండువైపుల సమయంలో 10 మిల్లీసెకన్ల పొరపాటంటే ఆ 3000 మీటర్ల వేగానికి 15 మీటర్లు. సెల్ మందం ఒక మీటరైతే ఇసుక సంభావ్యత పదిహేను సెల్‌ల అవతల, షేల్‌లో కూర్చుంటుంది. బావి టాప్‌లన్నిటి దగ్గరా దీన్ని ఒక్కొక్కటిగా సరిచూడక తప్పదు.

పలచని పొరలు కావాలంటే స్టోకాస్టిక్ ఇన్వర్షన్ ఉంది. యాభయ్యో, వందో రియలైజేషన్లు (సాధ్యమయ్యే రూపాలు), ప్రతిదీ సైస్మిక్‌కు సరిపోతుంది. వాటిలోని సన్నని వివరం మాత్రం వేరియోగ్రామ్ (దూరం పెరిగేకొద్దీ గుణం ఎంత మారుతుందో చెప్పే లెక్క) నుంచి వచ్చింది. నిలువు వేరియోగ్రామ్ బావుల నుంచి తీసుకోండి. అడ్డంగా సైస్మిక్ చూపే రేంజ్ ఉన్నదానికన్నా పొడుగ్గా వస్తుంది, తగ్గించి వాడాలి. అన్నిటి సగటు తీసి ఫ్లో సిమ్యులేటర్‌కు ఇవ్వకండి. సగటులో కాలువల అంచులు కరిగిపోయి, విడివిడి ఇసుకలన్నీ కలిసిపోయినట్టు నీరు ప్రవహిస్తుంది. రియలైజేషన్లను కలిసివున్న ఇసుక పరిమాణం ప్రకారం వరుసపెట్టి, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడింటిని ఎంచుకుని నడుపుతాం. కాలువ అడుగున పరుచుకునే అర మీటరు షేల్ పొర వీటిలో దేంట్లోనూ ఉండదు. కోర్‌లో (బావి నుంచి తీసిన రాతి నమూనాలో) అది కనిపిస్తే ఆ హద్దు మీద ట్రాన్స్‌మిసిబిలిటీ మల్టిప్లయర్ (ప్రవాహాన్ని తగ్గించే గుణకం) చేత్తో పెట్టి, బావుల పీడనంతో పోల్చుకుంటూ సవరించుకోవాలి.