సరుకు పంపినా డబ్బు రాకపోతే: కమర్షియల్ కోర్టా, ఎంఎస్ఎంఈ కౌన్సిలా?

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ పుణె కంపెనీకి 18 లక్షల సరుకు పంపిందనుకుందాం. ఆరు నెలలైనా పైసా రాలేదు. ఎక్కడికి వెళ్లాలి?

తయారీదారు మీరే అయి, సరుకు పంపేనాటికే సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉంటే ముందు చిన్న సంస్థల బకాయి వివాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వెళ్లండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతమైతే 18 శాతం అన్నమాట. కొన్నవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా, సరఫరాదారు ఉన్నచోటి కౌన్సిలే విచారిస్తుంది. అన్నిటికంటే గట్టి పట్టు ఇంకొకటుంది: కౌన్సిల్ ద్వారా వచ్చిన తీర్పును (అవార్డును) కోర్టులో సవాలు చేయాలంటే కొన్నవాళ్లు ముందుగా ఆ తీర్పు మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. బేరానికి దిగివచ్చేది ఎక్కువగా అక్కడే.

90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా దాన్ని నమ్ముకోకండి. మొదట రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయటే తీర్పు. రెండు దశలకూ సమయం పడుతుంది.

చాలా కేసులు డెలివరీ చలానా దగ్గరే బలహీనపడతాయి. స్టాంపు, సంతకం ఉంటాయి, తేదీ గీత మాత్రం ఖాళీగా ఉంటుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. తేదీయే లేకపోతే ఆ 15 రోజులు ఎక్కడినుంచి లెక్కపెడతారు?

కొని అమ్మే వ్యాపారులకు ఈ కౌన్సిల్ దారి లేదు. 2021లో వాళ్లకు ఉద్యమ్‌లో చోటిచ్చినా, అది ప్రాధాన్యతా రంగ రుణాల వరకే. వాళ్లు 3 లక్షలు, ఆపైన వివాదాలు వినే కమర్షియల్ కోర్టుకే వెళ్లాలి. అవతలివాళ్లు ఆస్తులు తప్పించకుండా వెంటనే అటాచ్‌మెంట్ (జప్తు) కావాలన్నా కోర్టే మేలు. అంత అత్యవసరం లేకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి: మూడు నెలలు, ఇరువైపులా ఒప్పుకుంటే మరో రెండు. దాన్ని దాటేసి వేసిన ప్లెయింట్‌ను (దావా పత్రాన్ని) తిరస్కరించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. దావా విలువను బట్టి కోర్టు ఫీజు కూడా సిద్ధం చేసుకోవాలి.

కాగితాలన్నీ ప్లెయింట్‌తోనే పెట్టాలి. ‘తర్వాత ఇస్తాం’ అంటే సరైన కారణం చూపించి అనుమతి తెచ్చుకోవాలి. వాట్సాప్ సందేశాలకు, ట్యాలీ లెడ్జర్‌కు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుల సర్టిఫికెట్ జతచేయాలి. ఈ కఠినత్వం ప్రతివాదికీ ఉంది: సమన్లు అందిన 120 రోజులు దాటితే జవాబు వేసే హక్కే పోతుంది. మామూలు సివిల్ కోర్టులో సాగే వాయిదాల ఆట ఇక్కడ అంతగా సాగదు.

కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి లాగుతామని కొందరు బెదిరిస్తారు. బాకీ కనీసం కోటి ఉండాలి, పైగా బాకీ డిమాండ్ నోటీసుకు ముందే నాణ్యతపై నిజమైన వివాదం ఉంటే పిటిషన్ నిలవదు.

ఎటు వెళ్లినా మూడేళ్ల కాలపరిమితి గుర్తుంచుకోండి. అది ముగిసేలోపే ‘ఇంత బాకీ ఉంది’ అని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ మీద సంతకం తీసుకుంటే, ఆ సంతకం తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.