పాత ల్యాప్‌టాప్‌కి పీటీఎం7950 షీటు: పేస్ట్ కంటే మేలే, కానీ దుమ్ము తీశాకే

పాత ల్యాప్‌టాప్ సెగలు కక్కుతోందంటే అందరూ చెప్పే మందు ఒకటే: చిప్ వేడిని హీట్ సింక్‌కి దాటించే థర్మల్ పేస్ట్ మార్చు. మార్చిన కొన్ని నెలలకే మళ్లీ మొదటికొస్తే, తప్పు చేతిది కాకపోవచ్చు. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి పైన లోహపు మూత ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో అది ఉండదు, వేడిని లాగేసే లోహపు హీట్ సింక్ నేరుగా సిలికాన్ చిప్ మీదే కూర్చుంటుంది. వేడెక్కడం, చల్లారడం జరిగిన ప్రతిసారీ మధ్యలోని పల్చటి పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకు జరుగుతుంది. విప్పి చూస్తే చిప్ నడిమధ్య నున్నగా మెరుస్తుంటుంది, పేస్టంతా చుట్టూ గట్టు కట్టి ఉంటుంది.

హనీవెల్ వారి పీటీఎం7950 పనికొచ్చేది ఇక్కడే. ఇది పేస్ట్‌కి బదులు వేసే పల్చటి షీటు. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లో సర్దుకుంటుంది. చిక్కన కాబట్టి పేస్ట్ జారినంత తేలిగ్గా జారదు.

అయితే కొనేముందు జబ్బేంటో చూడండి. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి ప్రాసెసర్‌కి పని పెట్టండి. ఒకటి రెండు సెకన్లలోనే 95 డిగ్రీలు దాటి, పని ఆపగానే ధబేల్మని పడిపోతే లోపం చిప్‌కీ హీట్ సింక్‌కీ మధ్య ఉన్నట్టు. నిమిషాల మీద మెల్లగా ఎక్కుతూ, ఫ్యాన్ హోరెత్తుతున్నా బయటికొచ్చే గాలి నీరసంగా ఉంటే అది దుమ్ము; ఈ షీటు ఏమీ చేయలేదు. ఫ్యాన్‌కీ హీట్ సింక్ రాగి రెక్కలకీ మధ్య నూగు దుప్పటిలా పట్టేసి ఉంటుంది. బయట నుంచి గాలి కొడితే అది మళ్లీ ఫ్యాన్ మీదికే వస్తుంది. ఫ్యాన్ విప్పి, పట్టకారుతో పొరలా లాగేయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది.

షీటు వేయడమే అసలు తలనొప్పి. ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి. పాత పేస్ట్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. షీటును పది నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి, చిప్ కంటే ఒక మిల్లీమీటరు పెద్దగా కత్తిరించండి. చల్లగా ఉంటేనే పైనున్న ప్లాస్టిక్ పొర, షీటు చిరగకుండా ఊడుతుంది. రెండు వైపులా పొర ఉంటుంది, రెండోది మరిచిపోతే వేడి ఇంకా పెరుగుతుంది. స్క్రూలు హీట్ సింక్ మీద అచ్చువేసిన అంకెల వరుసలోనే, ఒక్కోటి కొంచెం కొంచెం బిగించాలి. మొదట ఆన్ చేసినప్పుడు ఉష్ణోగ్రతలు నిరాశపరిస్తే కంగారు వద్దు. కొన్నిసార్లు బాగా వేడెక్కి చల్లారాకే షీటు పూర్తిగా సర్దుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. హీట్ సింక్ మళ్లీ ఎత్తితే కొత్త ముక్క వేయాల్సిందే. గ్రాఫిక్స్ మెమరీ మీదుండే మందపాటి ప్యాడ్లకు బదులు ఇది వేయకూడదు, ఆ ఖాళీ ఇది నింపలేదు. ఆ ప్యాడ్లు మార్చాల్సివస్తే పాతదాని మందమే తీసుకోండి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్ సింక్ చిప్ మీద సరిగ్గా ఆనకపోవచ్చు. పేరు ఇదే పెట్టి వేరే సరుకు అంటగట్టేవాళ్లూ ఉన్నారు, నమ్మకమైన చోటే కొనండి.

విప్పే ధైర్యం లేనివాళ్లు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి తగ్గించి చూడండి. చాలా ప్రాసెసర్లలో టర్బో, అంటే అవసరాన్నిబట్టి మామూలు కంటే వేగం పెంచుకోవడం, ఆగిపోతుంది, వేగం కొంత తగ్గినా వేడి బాగా దిగుతుంది.