హైదరాబాద్–వైజాగ్ ఫ్లైట్: టికెట్ మీద గంటంపావు, ఇంటి నుంచి ఇంటికి ఆరు గంటలు

పిన్ని కూతురి నిశ్చితార్థానికి వైజాగ్ వెళ్ళాలి, సెలవు దొరికింది ఒక్క శుక్రవారం. నెట్‌లో చూస్తే ఆకాశమార్గంలో సుమారు 510 కిలోమీటర్లు, గంటంపావు ప్రయాణం అని ఉంది. ఇంకేం, టిఫిన్ టైముకి మీ ఇంట్లో ఉంటాను, పెసరట్టు వేసి ఉంచమని పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పాను. మద్దిలపాలెంలో ఆ ఇంటి గుమ్మం ఎక్కేసరికి పన్నెండుముప్పావు.

దూరం లెక్క తప్పేం కాదు. రోడ్డు మీద అయితే 600 దాటుతుంది, రైల్లో 700, ఎందుకంటే రైలు వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ దాకా దిగి, మళ్ళీ ఏలూరు, రాజమండ్రి పట్టుకుని పైకి రావాలి. విమానానికి ఆ తిరుగుడు లేదు, నేరుగా పాపికొండల వైపు గోదావరి దాటేస్తుంది. కానీ నేనుండేది రన్‌వే మీద కాదు కదా, మియాపూర్‌లో!

ఆరుముప్పావుకి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే పుష్పక్ బస్సెక్కితే శంషాబాద్ చేరేసరికి ఎనిమిదింపావు. ఫ్లైట్ పది గంటల ఐదు నిమిషాలకి. బ్యాగ్ ఇవ్వడం, సెక్యూరిటీ లైను, గేటు దాకా ఆ నడక, ఇదంతా అయ్యాక అరగంట లేటని మెసేజ్. ఎందుకో అడిగితే కౌంటర్ దగ్గర ఉన్నాయనకీ తెలియదు. ఎయిర్‌లైన్ పేరు రాయను, ఈ పని అందరూ చేసేదే. చివరికి పది యాభైకి లేచి పదకొండు నలభై ఐదుకి దిగాం, అంటే గాల్లో ఉన్నది గంట కూడా కాదు. టికెట్ మీద రాసే గంటంపావులో రన్‌వే దాకా నేలమీద పాకే టైమ్ కూడా కలిపే ఉంటుంది. చిన్న ఏటీఆర్ విమానం అయితే ఇంకాస్త ఎక్కువ, బుక్ చేసేటప్పుడు చూసుకోండి.

దిగేముందు మాత్రం విమానం సముద్రం మీదుగా తిరిగింది, ఒకపక్క కొండ, ఒకపక్క ఓడలు. దానికి ఒక స్టార్ ఎక్కువే ఇస్తాను. ఎయిర్‌పోర్ట్ చిన్నది, నేవీ వాళ్ళ రన్‌వే పక్కనే, బ్యాగ్ ఇరవై నిమిషాల్లో వచ్చేసింది, అక్కణ్ణుంచి క్యాబ్‌లో నలభై నిమిషాలు. నేను దిగింది ఈ పాత ఎయిర్‌పోర్ట్‌లోనే. మీ టికెట్ భోగాపురంలోని కొత్త ఎయిర్‌పోర్ట్‌కి అయితే ఊళ్ళోకి రావడానికి ఇంకో గంట వేసుకోండి.

మొత్తం ఆరు గంటలు. వందే భారత్ అయితే స్టేషన్ నుంచి స్టేషన్‌కి ఎనిమిదిన్నర గంటలు, దానితో పోలిస్తే ఫ్లైటే నయం, కాదనను. కానీ తిరుగు ప్రయాణంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పన్నెండు గంటల పైనే, అయినా సాయంత్రం ఎక్కి, రాజమండ్రి బ్రిడ్జి చప్పుడు విని పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాద్. పోయింది నిద్రపోయే టైమే. ఫ్లైట్‌లో మాత్రం సగం సెలవు క్యూల్లోనే అయిపోయింది.

నా రేటింగ్ ఐదుకి మూడు. శంషాబాద్ దగ్గర్లో, అంటే ఆరాంఘర్, రాజేంద్రనగర్ వైపు ఉండేవాళ్ళు కళ్ళు మూసుకుని ఫ్లైట్ తీసుకోండి. మియాపూర్, కూకట్‌పల్లి వాళ్ళు రాత్రి రైలు దొరుకుతుందేమో ముందు చూడండి. పైగా పిన్ని ఇచ్చిన ఆవకాయ జాడీ రైల్లో నా ఒళ్ళోనే వచ్చింది, ఫ్లైట్ అయితే చేతిసంచిలో దాన్ని సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారేమోనని భయపడాల్సి వచ్చేది.