పరాయి దేశంలో ఏడెనిమిది నెలల మకాం: ఏ ఇల్లు మేలు?

ఎనిమిది నెలల పని మీద మొదటిసారి జర్మనీ వెళ్ళినప్పుడు నెల అద్దె ఒక్కటే చూసి ఇల్లు తీసుకున్నాను. ఖాళీ ఇల్లు. తాళం తీసి లోపలికి వెళ్తే గోడలు, కిటికీలు, సీలింగ్ నుంచి వేలాడుతున్న కరెంటు తీగలు. బల్బు కూడా లేదు. వంటగది అని చెప్పిన చోట ఒక నీళ్ళ పైపు, ఒక ప్లగ్గు. పరుపు వచ్చేదాకా తొమ్మిది రాత్రులు కోటు పరుచుకుని పడుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు వాషింగ్ మెషీన్‌ను పక్కింటాయనకు ఊరికే ఇచ్చేశాను. పట్టుకెళ్ళడానికి ఆయన రెండు రోజులు బతిమాలించుకున్నాడు కూడా.

ఆ తర్వాత ఒకసారి సబ్‌లెట్‌లో, అంటే వేరే అద్దెదారు తన ఇంటిని కొన్నాళ్ళకు మనకిచ్చే పద్ధతిలో, ఇంకోసారి హోటల్‌లా అన్నీ వాళ్ళే చూసుకునే సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. మధ్యలో కొన్ని వారాలు నలుగురితో కలిసి షేరింగ్ ఇంట్లో కూడా గడిపాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే అద్దె ఎంతని నేను ముందు అడగను. అనుకున్న రోజున వదిలి పోగలమా? ఆ చిరునామాలో ఉంటున్నామని మనకు కాగితం ఇస్తారా? ఈ రెండూ తేలాకే మిగతావి.

ఖాళీ ఇల్లా, సామాన్లున్న ఇల్లా?

ఖాళీ ఇల్లు చవకగా కనిపిస్తుంది. ఒకసారి లెక్క వేద్దాం. దాని అద్దె నెలకు 100 అనుకోండి. అలాంటిదే ఫర్నిష్డ్ ఇల్లు 130. మంచం, పరుపు, బల్ల, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గిన్నెలు, కర్టెన్లు అన్నీ సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొన్నా 300 అయ్యాయనుకుందాం. వెళ్ళేటప్పుడు 100కి అమ్మగలిగితే మనకు పోయింది 200. నెలకు 30 మిగులుతుంది కాబట్టి ఆ 200 పూడడానికే దాదాపు ఏడు నెలలు పడుతుంది. ఎనిమిది నెలలున్న నాకు చివరికి మిగలాల్సింది 40. అదీ సామాన్లు అమ్ముడుపోతే. వెళ్ళిపోయే వారంలో మన దగ్గర కొనేవాళ్ళకు మన తొందర బాగా తెలుసు. బేరం వాళ్ళ చేతిలో ఉంటుంది.

పైగా 'ఖాళీ' అనే మాటకు దేశానికో అర్థం. జర్మనీలో చాలా ఇళ్ళకు వంటగది అరలు, స్టవ్ కూడా ఉండవు, పాత అద్దెదారు ఊడదీసుకుని వెళ్తాడు. జపాన్‌లో లైట్లు కూడా మనమే కొనుక్కోవాల్సిన ఇళ్ళు మామూలే. అక్కడ కొందరు ఓనర్లు డిపాజిట్ కాకుండా రేకిన్ అని ఇంకో మొత్తం తీసుకుంటారు. అది తిరిగి రాదు. రెండేళ్ళు ఉండేవాళ్ళు దాన్ని 24 నెలలకు పంచుకుంటారు, మనం ఏడెనిమిది నెలలకే పంచుకోవాలి.

ఇంట్లో వాడే వస్తువులు వెంట తీసుకెళ్తే ఖర్చు తగ్గుతుంది కదా అనే ఆలోచన అందరికీ వస్తుంది. ముందు వోల్టేజ్ చూసుకోండి. యూరప్‌లో 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటే ప్లగ్గు అడాప్టర్ చాలు. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె లాంటి వేడెక్కే వస్తువుల మీద సాధారణంగా ఒకే అంకె ఉంటుంది. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజ్‌ను మార్చదు. ఈ తేడా నేను కాలిన వాసన వచ్చాక తెలుసుకున్నాను.

వదిలి వెళ్ళడం సంగతికొస్తే, ఫ్రాన్స్‌లో ఖాళీ ఇంటికి మామూలుగా మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఇళ్ళకు గిరాకీ ఎక్కువున్న నగరాల్లో ఒక నెల. సామాన్లున్న ఇంటికి ఎక్కడైనా ఒక నెలే. అక్కడ 2018 చట్టంతో బై మొబిలిటె అనే ప్రత్యేక అగ్రిమెంట్ కూడా వచ్చింది. చదువుకో, ట్రైనింగ్‌కో, తాత్కాలిక ఉద్యోగానికో వచ్చినవాళ్ళకు ఒకటి నుంచి పది నెలల దాకా ఇస్తారు. ఓనర్ డిపాజిట్ అడగకూడదు. మనలాంటివాళ్ళ కోసమే చేసినట్టుంటుంది. వెళ్ళే దేశంలో ఇలాంటిది ఉందా అని ముందే వెతకండి.

ఏడాదిన్నర పైన ఉంటారనుకోండి, పిల్లల బడి కూడా అక్కడే, సామాను రవాణా ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది. అలాంటివాళ్ళు ఖాళీ ఇల్లు తీసుకోవచ్చు. మిగతావాళ్ళకు నేను చెప్పను.

సర్వీస్ అపార్ట్‌మెంట్

సింగపూర్‌లో నేను దిగింది ఇందులోనే. సుఖమే. వై-ఫై పాస్‌వర్డ్ బల్ల మీద పెట్టి ఉంటుంది, దుప్పట్లు వాళ్ళే మారుస్తారు, ఏదైనా పాడైతే ఒక ఫోన్ చేస్తే సరి. రాత్రి రెండింటికి విమానం దిగి, కళ్ళు మూసుకుపోతున్న మనిషికి దీన్ని మించింది లేదు. రెండో నెలకు వచ్చేసరికి మాత్రం విసుగొచ్చింది. రెండు గిన్నెలు, మూడు చెంచాలు, మేకు కొట్టకూడని గోడలు. పెట్టె పూర్తిగా ఖాళీ చేయబుద్ధి కాలేదు. నెల రేటు అడిగి తీసుకోకపోతే రోజు లెక్కన కట్టేది రెట్టింపు దాకా పోవచ్చు. ఆ మాట మనం అడిగితేనే చెప్తారు.

వెబ్‌సైట్లలో రోజుల లెక్కన దొరికే మామూలు ఇళ్ళను సర్వీస్ అపార్ట్‌మెంట్ అనుకుని పొరబడేవాళ్ళు ఉన్నారు. సింగపూర్‌లో ప్రైవేటు ఇల్లు మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లకు ఆరు నెలలు కనీసం. న్యూయార్క్ నగరంలో 30 రోజుల లోపు ఇవ్వాలంటే ఇచ్చేవాళ్ళు కూడా అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి అతిథులు ఉండకూడదు. అలా ఇచ్చేవాళ్ళు నగర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలన్న నిబంధనను 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. జరిమానా ఓనర్‌కే పడుతుందనుకున్నా, రాత్రికి రాత్రి పెట్టె పట్టుకుని రోడ్డు మీద నిలబడేది మనమే.

సబ్‌లెట్: నా ఓటు దీనికే, ఒక షరతు మీద

ఎవరో ఆరు నెలలకు వేరే ఊరు వెళ్తూ తమ అద్దె ఇంటిని మనకిస్తారు. వాళ్ళ మంచం, వాళ్ళ కర్టెన్లు, వాళ్ళ ఇంటర్నెట్. ఫర్నిష్డ్ ఇంటికన్నా తరచుగా చవక, ఎందుకంటే వాళ్ళకు లాభం కన్నా తమ అద్దె ఆగకపోవడం ముఖ్యం. చెత్త ఏ రోజు బయట పెట్టాలి, పైన ఉండేవాళ్ళు ఎలాంటివాళ్ళు, హీటర్ ఎక్కడ తట్టాలి లాంటివన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి వెళ్ళారు నాకిచ్చినవాళ్ళు. ఏ ఏజెంటూ ఆ పని చేయడు.

షరతు ఏమిటంటే, అసలు ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి. జర్మనీలో ఓనర్ అనుమతి లేకుండా అద్దెదారు ఇల్లంతా ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ కాగితం లేకపోతే ఆగిపోయేవి చాలా ఉన్నాయి. అక్కడ మూడు నెలలకు మించి ఉండడానికి వచ్చినవాళ్ళు ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లిచ్చినవాళ్ళ సంతకం పెట్టిన పత్రం కావాలి. నమోదయ్యాకే ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలకు మించి ఉండేవాళ్ళకు గడువు ఇంకా తక్కువ, వచ్చిన ఐదు రోజులు. అక్కడి ప్రకటనల్లో 'రిజిస్ట్రేషన్ కుదరదు' అని రాసి ఉంటే, అద్దె ఎంత తక్కువైనా పక్కన పెట్టేయండి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా నాకు ఒక దెబ్బ తగిలింది. బ్యాంకు కార్డు పోస్టులో పంపారు, రాలేదు. మళ్ళీ పంపారు, మళ్ళీ రాలేదు. మూడో వారంలో కింద పోస్టు డబ్బాల దగ్గర నిలబడి చూస్తే విషయం అర్థమైంది. జర్మనీలో చిరునామాకు ఫ్లాట్ నంబరు రాయడం మామూలుగా ఉండదు. పోస్టువాళ్ళు డబ్బా మీది పేరు చూసి వేస్తారు. డబ్బా మీద ఉన్నది నాకు ఇల్లిచ్చినవాళ్ళ పేరు. ఒక చీటీ మీద నా పేరు రాసి టేపుతో అతికించాను. నాలుగో రోజు కార్డు వచ్చింది.

షేరింగ్ గది

ఒంటరి మనిషికి, మూడు నాలుగు నెలలకు, ఇదే చవక. అనుమానాలు అడగడానికి మనుషులూ ఉంటారు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు పనికిరాదు. రాత్రి పూట ఆఫీసు కాల్స్ ఉండేవాళ్ళు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. గోడ అవతలివాళ్ళకు మన మీటింగ్ మొత్తం వినిపిస్తుంది.

మరి ఏది తీసుకోవాలి?

నేనైతే మొదటి రెండు వారాలు సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుని, అక్కడ ఉంటూ సబ్‌లెట్ వెతుకుతాను. అది దొరక్కపోతే ఫర్నిష్డ్ ఇల్లు. విమానం ఎక్కకముందే ఫొటోలు చూసి ఆరు నెలల ఇంటికి డబ్బు పంపడం మాత్రం చేయను. 'ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, తాళం కొరియర్‌లో పంపుతాం, ముందు డిపాజిట్ వేయండి' అన్న మాట వింటే, ఎంత అందమైన ఇల్లయినా అక్కడితో వదిలేస్తాను. రెండు వారాలు ఎక్కువ ఖర్చే. ఆ రెండు వారాల్లో ఆఫీసు నుంచి ఇంటికి నడిచి చూడొచ్చు, సాయంత్రం వీధి ఎంత గోలగా ఉంటుందో వినొచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలతో వెళ్ళేవాళ్ళకు రెండుసార్లు సర్దుకోవడం నరకం కాబట్టి, వాళ్ళకు కంపెనీ చూపించిన ఫర్నిష్డ్ ఇల్లే నయం.

ఏది తీసుకున్నా డిపాజిట్‌కు ఎంతవరకు అడగొచ్చో తెలుసుకుని వెళ్ళండి. జర్మనీలో కరెంటు, హీటింగ్ ఖర్చులు కలపని అద్దె మీద మూడు నెలలకు మించకూడదు, అదీ మూడు వాయిదాల్లో కట్టొచ్చు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దెలకు ఐదు వారాలు హద్దు, ఆ డబ్బును ఓనర్ 30 రోజుల్లో గుర్తింపు ఉన్న డిపాజిట్ పథకంలో పెట్టాలి. దిగిన రోజే ప్రతి గది, ప్రతి గీత, మీటర్ అంకెలు ఫోన్‌లో ఫొటో తీసి ఓనర్‌కు మెయిల్ చేస్తే, వెళ్ళే రోజు వాదనలో సగం ముందే తేలిపోతుంది. చలి దేశాల్లో కిటికీలు ఎప్పుడూ మూసి ఉంచితే గోడలకు బూజు పడుతుంది, దాని ఖర్చు డిపాజిట్‌లోంచే కోస్తారు. ఎంత చలైనా రోజూ కాసేపు తెరవాల్సిందే.

ఇంకొకటి, దిగిన రోజే నోటీసు ఇవ్వాల్సిన ఆఖరి తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. జర్మనీలో గడువు చెప్పని అగ్రిమెంట్ అయితే నోటీసు ఓనర్‌కు నెలలో మూడో పనిదినం లోపల చేరాలి, లేదంటే ఇంకో నెల అద్దె మీద పడుతుంది. నా మొదటి ఇంటికి నా ఉత్తరం ఐదో తేదీన చేరింది. ఇల్లు వదిలి వచ్చేశాక కూడా ఒక నెల అద్దె కట్టాను. లెక్కలో మిగలాల్సిన ఆ 40 పోగా ఇంకో 60 చేతి నుంచి పడింది. వాషింగ్ మెషీన్ అందులో కలపలేదు.