కోఠిలో ఆక్సీమీటర్ (వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం, పల్స్ చూపించే మెషిన్) కొంటున్నారా, ముందు ఇది చదవండి, నాది పెన్నుకి కూడా 97 చూపిస్తోంది

ఇప్పుడే కోఠి నుంచి వచ్చా, ఒళ్లు మండిపోతోంది. షాపు పేరు రాయను, పొద్దున 6 కాకముందే లైన్ కట్టే ఆ సర్జికల్ షాపు అంటే అటు వెళ్లినవాళ్లకి తెలిసిపోద్ది.

ఇది 2021 మాట, మే 12 నుంచి కరోనా లాక్‌డౌన్ కదా, బయటికెళ్లడానికి ఉన్నదే పొద్దున 6 నుంచి 10 దాకా. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడో ఫ్లోర్ ఆయన ఆక్సీమీటర్ ఫొటో పెట్టాడు, గంటలో "నాకొకటి", "మాకు రెండు" అని మొదలైంది. మా ఇంట్లో ఎవరికీ తుమ్ము కూడా లేదు, అయినా పరిగెత్తా. 2020లో జనతా కర్ఫ్యూ ముందు రోజు 15 కిలోల కందిపప్పు మోసుకొచ్చి సగం పురుగుల పాలు చేసిన మొహమే కదా ఇది. ఒకటి 2,800, రెండైతే 5,500 అన్నాడు, ఆషాఢం డిస్కౌంట్ ఇచ్చినట్టు, నేను సంబరంగా రెండూ తీసుకున్నా. బిల్లేది అంటే బుక్కు అయిపోయింది అన్నాడు. సరే అన్నా. అవును, సరే అన్నా.

ఇంటికొస్తే అమ్మకి 98, మా ఆవిడకి 98, నాకూ 98. నాలుగు ఫ్లోర్లు మెట్లెక్కి రొప్పుతూ పెట్టినా పల్స్ 76 దగ్గరే కూర్చుంది. మా పాప దాన్లో స్కెచ్ పెన్ను దూర్చింది. 97. పల్స్ 76.

ఇవాళ తీసుకెళ్లి కౌంటర్ మీద వాడి పెన్నే తీసి పెట్టి చూపించా. వాడు వంగి చూసి, నవ్వి, "పెన్నుకి కరోనా లేదన్నట్టే కదన్నా, ఖుష్ అవ్వాలె" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లూ నవ్వారు. డబ్బులు వెనక్కిమ్మంటే "కొన్న సామాను వాపస్ లేదు, జరుగు, నీ ఎనక ఎంతమంది ఉన్నరో చూడు" అని. చూశా, ఎవరైనా నా తరఫున ఒక్క మాట అంటారేమోనని. ఒకాయన "త్వరగా కానివ్వండి సార్, పదింటికి పోలీసులొస్తారు" అన్నాడు. డబుల్ మాస్కు మీద షీల్డు కూడా పెట్టుకున్న ఇంకొకాయన, పెన్నుకి 97 రావడం కళ్లారా చూసినాయనే, "మీకొద్దంటే నాకిచ్చెయ్యండి, 2,500 ఇస్తా" అన్నాడు. ఇచ్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఎందుకు. అర్ధరాత్రి వాళ్లింట్లో ఎవరికో ఆయాసం వచ్చి ఇది 98 చూపిస్తే తెల్లారేదాకా ఆగుతారు కదా అనిపించి జేబులో పెట్టుకుని వచ్చేశా.

కొనక తప్పదనుకుంటే బిల్లు లేకుండా తీసుకోకండి, అక్కడే పెట్టుకుని చూడండి, మణికట్టు దగ్గర నాడి నిమిషం లెక్కపెడితే దాదాపు అదే అంకె రావాలి. గోళ్ల రంగు ఉంటే తుడిచి పెట్టండి. 94 కంటే తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, అంకె బాగున్నా ఆయాసంగా ఉంటే మాత్రం మెషిన్ మొహం చూస్తూ కూర్చోవద్దు.

రెండోదానికి ఇంకా సీలు కూడా తియ్యలేదు. డబ్బా మీద ఎమ్మార్పీ ఉండాల్సిన చోట బ్లేడుతో గీకేసి ఉందని ఇప్పుడు చూస్తున్నా.